ప్రపంచంలో భాషలు తక్కువైతే బతుకు తేలికవుతుందా?

మార్కాపురం_శీను
పోయిన నెల అమ్మానాన్నలను పుణె తెచ్చుకున్నాను. నాన్నకు 68 ఏళ్లు, మా ఊళ్లో పలకల ఫ్యాక్టరీలో పనిచేసి మానేసిన మనిషి, తెలుగు తప్ప ఇంకో ముక్క రాదు. ఒకరోజు నేను నైట్ షిఫ్టులో ఉండగా ఆయనకు ఒంట్లో బాగాలేదు. పక్కింటివాళ్లు ఆటో ఎక్కిస్తే అమ్మే దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లింది. అక్కడ డాక్టరు హిందీలో అడుగుతాడు, నాన్నేమో "ఎడమ రెక్క గుంజుతోంది, లోపల పట్టేసినట్టుంది" అంటాడు. అమ్మకు వచ్చిన హిందీ దర్ద్, పేట్ అంతే. చెయ్యి పొట్ట పైన పెట్టి చూపించింది. గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి బెంచీ మీద కూర్చోబెట్టారు.

గంటన్నర అలాగే కూర్చున్నారు. ఆ దారిన పోతున్న ఆయా ఒకావిడ నాన్న మాట విని ఆగింది. సోలాపూర్ ఆవిడట, వాళ్లింట్లో తెలుగే. "ఏ రెక్క గుంజుతున్నది తాతా?" అని అడిగి, పరిగెత్తి డాక్టరుకు చెప్పింది. అప్పుడు ఈసీజీ తీశారు. స్టెంటు వేశారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఆ గంటన్నర తలుచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టడం లేదు.

ప్రపంచంలో ఏడు వేల దాకా భాషలున్నాయంటారు. ఎందుకిన్ని? ఓ పది ఉంటే చాలదా? మా పాప రెండో క్లాసు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, మరాఠీ, హిందీ. దానికి ఆడుకునే టైమే లేదు. నిజంగానే అడుగుతున్నా, తిట్టకండి.

లారీ_రాంబాబు
తిట్టడం ఎందుకు తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు. 22 ఏళ్లుగా స్టీరింగ్ పట్టుకున్నా. బెజవాడ నుంచి గౌహతి వెళ్లే లోపు మూడు నాలుగు లిపులు మారతాయి. ఇచ్ఛాపురం దాటగానే ఒడియా బోర్డులు, గుండ్రంగా మన అక్షరాల్లాగే ఉంటాయి, దగ్గరికెళ్తే ఒక్కటీ చదవలేం. టైరు పగిలిన రాత్రి ఆ బోర్డు కింద నిలబడి మెకానిక్ షాపో మంగలి షాపో తెలియక తలుపు కొట్టిన వాణ్ని. తక్కువైతే నాకు సంతోషమే.

కాకినాడ_కాజా
శీనూ, ఆ పదిలో తెలుగు ఉంటుందా? లిస్టు రాసేదెవరు?

మార్కాపురం_శీను
2011 జనాభా లెక్కల్లో మనవాళ్లు 8 కోట్ల పైనే. అంతమంది మాట్లాడే భాష ఎందుకుండదు?

ఉట్నూరు_పిల్లగాడు
అన్నా, నాన్న బాగున్నడు, అది సంతోషం. నీ మీద కోపంతో రాస్తలేను. కానీ ఆ మాట చదివినంక ఊరుకోలేకపోయిన. 8 కోట్లు ఉన్నాయి కాబట్టి ఉంటది అని నువ్వు ధైర్యంగా అంటున్నవు. మా అమ్మ భాష గోండి. అదే లెక్కల్లో గోండి వాళ్లు దాదాపు 30 లక్షలు. రాజ్యాంగంల గుర్తించిన భాషల పట్టిక ఉంటది కదా, ఆ ఎనిమిదో షెడ్యూల్లో మా భాష లేదు. బోడో వాళ్లు 15 లక్షల లోపే, వాళ్లది ఉంది, ఉండాలె కూడా. మాది మాత్రం ఆరేడు రాష్ట్రాలకు ముక్కలైపోయింది. ఇక్కడ మేము తెలుగు అక్షరాల్లో రాసుకుంటం, గడ్చిరోలిలో మా మేనమామ కొడుకు నాగరిలో రాస్తడు. ఫోన్లో మాట్లాడుకుంటే అంతా అర్థమైతది, మెసేజ్ పెట్టుకుంటే ఇద్దరికీ చదవరాదు.

మా దగ్గర గుంజాల అని ఊరుంది. అక్కడ పాత రాతప్రతుల్లో గోండికి సొంత లిపి దొరికింది, 2018లో యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తుపట్టే అక్షరాల పట్టికలోకి కూడా ఎక్కింది. నేను మా తాత పేరు ఆ లిపిలో ఫోన్ మీద టైపు చేసి చూపిస్తే ముసలాయన ఫోన్ పట్టుకొని ఎంతసేపు చూసిండో. చదవడం ఆయనకు రాదు. ఊరికే చూసిండు.

ఇంకో మాట. మీ చెయ్యి మాకు కయ్. మీ చెవి మాకు కెవి. మీ నాలుగు మాకు నాలుంగ్, ఏడు ఏరుంగ్. మీ ఏరు పారే ఏరు, మా ఏర్ తాగే నీళ్లు. ఇంత దగ్గరోళ్లం. బడిలో మొదటి రోజు నేను "ఏర్" అంటే సారుకు అర్థం కాలే, పిల్లలంతా నవ్విన్రు. దాహంతోనే ఇంటికొచ్చిన. భాషలు తగ్గాలె అన్నప్పుడు మొదట తగ్గేది మాదే కదా అన్నా.

కాకినాడ_కాజా
కయ్ నుంచి చెయ్యి, కెవి నుంచి చెవి. కన్నడంలోనూ కై, కివి. మనమే క ను చ చేసుకున్నాం. మా ఇంట్లో ఇప్పుడే అందరికీ చదివి వినిపించాను తమ్ముడూ.

నెల్లూరు_నిజం
గోండి విషయంలో బాధ నిజమే, కాదనను. కానీ ప్రశ్న మనసు గురించి కాదు, సౌకర్యం గురించి. ఒకే భాష ఉంటే ఉద్యోగానికి ఎక్కడికైనా పోవచ్చు, పుస్తకం ఒక్కసారి రాస్తే అందరూ చదువుతారు, మందు సీసా మీద రాసింది అందరికీ అర్థమవుతుంది. పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేస్తున్నది మనమే, ఎవరూ మెడ మీద కత్తి పెట్టలేదు. జనం కాళ్లతో ఓటేశారు. దాన్ని ఒప్పుకోవాలి.

వరంగల్_వాణి
ఒకే భాష ఉంటే కలిసి ఉంటారని కూడా అంటారు కొందరు. రువాండాలో హుటూలూ టుట్సీలూ మాట్లాడేది ఒకే కిన్యర్వాండా, 1994లో అక్కడ టుట్సీలను ఎలా ఊచకోత కోశారో తెలిసిందే. రెండు కొరియాలదీ ఒకే భాష. స్విట్జర్లాండ్‌లో నాలుగు అధికార భాషలు, హాయిగా ఉన్నారు. అంత దూరం ఎందుకు, 1956లో ఒకే భాష అని కలిపారు, 2014లో విడిపోయాం.

నెల్లూరు_నిజం
వాణి గారూ, కొట్లాటలు ఆగుతాయని నేనెక్కడన్నాను? మందు సీసా గురించి చెప్పాను.

వరంగల్_వాణి
మీరనలేదు, నిజమే. ఆ మాట నేను బయట విని విని ఉన్నాను, అందుకని రాశాను. మందు సీసా మాట ఒప్పుకుంటాను. కానీ సీసా మీద మూడు భాషల్లో అచ్చేస్తే పోయేదానికి భాషలే పోవాలా?

మన్యం_మాస్టారు
సీతంపేట వైపు 17 ఏళ్లు పంతులుగా చేశాను కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

మా బడికి వచ్చేది సవర పిల్లలు. సవర గోండిలాగా తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబం, మాటకూ మాటకూ పోలికే ఉండదు. మొదటి సంవత్సరం ఒకటో తరగతిలో ఒక పిల్ల దసరా దాకా నోరు విప్పలేదు. మూగపిల్ల అనే అనుకున్నాను, వాళ్ల అమ్మతో ఆ మాట అన్నాను కూడా. ఆవిడ నావంక విచిత్రంగా చూసింది. సెలవుల్లో సంతలో ఆ పిల్ల కనపడింది, చెల్లెల్ని చంకనేసుకుని చింతపండు బేరమాడుతోంది, గడగడా, చేతులు తిప్పుకుంటూ, అవతలివాణ్ని ఓడించి పావలా తగ్గించుకుంది. నేను వెనక నిలబడి విన్నాను. తప్పు నాదని ఆరోజు తెలిసింది.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కోయ, గోండి, కొలామి, కువి లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు పుస్తకాలు తెచ్చారు. లోపాలు బోలెడున్నాయి, టీచర్లు చాలక, పుస్తకాలు అందక ఎన్నో బళ్లలో నీరుగారింది. కానీ సవర వాచకం తెరిచిన రోజు నా క్లాసులో ఎంత గోల అయ్యిందో నాకు గుర్తు. బొమ్మ చూసి పేరు చెప్పడానికి ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారు. సవరలో అక్షరం పట్టుకున్న పిల్లలు తర్వాత తెలుగు కూడా తొందరగా పట్టుకున్నారు, అది నా కళ్లతో చూశాను.

నిజం గారు అన్న "జనం కాళ్లతో ఓటేశారు" మాట నాకు మింగుడు పడలేదు. సవర తల్లి పిల్లను తెలుగు బడికి పంపింది, నిజమే. ఇంకో బడి ఉందా పంపడానికి?

గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29నే కదా మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది. వాడుక తెలుగు కోసం అంత పోరాడిన మనిషి పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర నేర్చుకున్నారు, సవరల కోసం బళ్లు పెట్టారు, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. తెలుగు నేర్చుకుంటే సరిపోతుంది కదా అని ఆయన వాళ్లతో అనలేదు. నేను అన్నాను, తొలి ఏడాది.

ఉట్నూరు_పిల్లగాడు
మాస్టారూ, మీలాంటి సారు నాకు ఒకటో తరగతిలో దొరికితే బాగుండు.

నెల్లూరు_నిజం
మాస్టారూ, ఆ సంత సంగతి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. ఇంకో బడి లేదన్న మాట కరెక్టే, నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. అయినా పెద్దయ్యాక ఆ పిల్లకు తెలుగో ఇంగ్లీషో రావాల్సిందే కదా, ఆ మాట మీద మాత్రం ఉన్నాను.

మన్యం_మాస్టారు
రావాలి, ఎవరు కాదన్నారు? కలపడానికి, తీసేయడానికి తేడా ఉంది.

రన్‌వే_రవి
ఒకే భాష పెట్టుకున్న లోకం ఒకటుంది, అందులోనే నేను పనిచేస్తున్నా. విమానాల్లో దేశాల మధ్య మాట్లాడుకునేది ఇంగ్లీషే. అయినా 1977 మార్చి 27న టెనెరిఫె రన్‌వే మీద రెండు జంబో జెట్‌లు గుద్దుకుని 583 మంది పోయారు. పొగమంచు, తొందర, రేడియో అడ్డంకి, చాలా కారణాలున్నాయి. అందులో ఒకటి మాట. డచ్ పైలట్ "టేకాఫ్ దగ్గర ఉన్నాం" అన్నట్టు ఒక ముక్క చెప్పాడు, బయల్దేరిపోయాం అని ఆయన లెక్క, సిద్ధంగా నిలబడ్డారని టవర్ లెక్క. ఇద్దరూ మాట్లాడింది ఇంగ్లీషే. ఆ తర్వాత ఏం చేశారంటే, టేకాఫ్ అనే మాటను అనుమతి ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు, దాన్ని తిరిగి చెప్పేటప్పుడు తప్ప వాడకూడదని గీత గీశారు. అంటే పని జరగడానికి కావాల్సింది ముందే ఒప్పుకున్న ఓ గుప్పెడు మాటలు. మిగతా బతుకంతా పైలట్ ఇంట్లో డచ్‌లో మాట్లాడుకున్నా ఎవరికీ నష్టం లేదు.

లారీ_రాంబాబు
ఇది బాగుంది. మాకూ అంతే. పంక్చర్, డీజిల్, కాటా, లోడు, ఈ నాలుగు మాటలతో దేశం సగం తిరిగేస్తాం. మొదట తక్కువైతే సంతోషమే అన్నాను గానీ, ఇంటికెళ్లాక మా ఆవిడతో ఆ నాలుగు మాటలే మాట్లాడమంటే కష్టం.

జకార్తా_జగన్నాథం
ఇక్కడ ఒక పద్ధతి చూస్తున్నాను, చెప్తాను. ఇండోనేషియాలో 700 దాకా భాషలు. అందరికంటే ఎక్కువమంది జావా భాషవాళ్లు. అయినా 1928లో యువకులు ప్రతిజ్ఞ చేసినప్పుడు ఉమ్మడి భాషగా మలయ్‌ను తీసుకున్నారు, రేవుల్లో వ్యాపారానికి ఎప్పటినుంచో నడుస్తున్నది అదే కాబట్టి. పెద్దవాళ్ల భాష మిగతావాళ్ల మీద రుద్దలేదు, అందుకే పెద్దగా గొడవ కాలేదు. దేశం నడవడానికి తేలికైంది, ఒప్పుకోవాలి. కానీ మా డ్రైవరు వాళ్లమ్మతో జావాలో మాట్లాడతాడు, పిల్లలతో ఇండోనేషియన్‌లో. నాయనమ్మకూ మనవళ్లకూ మధ్య ఆయనే దుబాసీ.

డాలస్_అమ్మ
జగన్నాథం గారూ, మా ఇంట్లోనూ అదే. వీడియో కాల్‌లో మా అమ్మ "తిన్నావా" అంటుంది, బాబు "తిన్నా" అంటాడు. ఇంకేం ఉండదు. ఇద్దరూ తెర వంక చూస్తూ నవ్వుతారు. బాబుకు తేలిగ్గా ఉంటుందని ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడాను నేను, మూడేళ్ల దాకా. ఇప్పుడు వాడికి తొమ్మిది.

వరంగల్_వాణి
అక్కా, తొమ్మిదికి ఏం మించిపోలేదు. మా అక్క కొడుకు పదకొండేళ్లప్పుడు ఎండాకాలం రెండు నెలలు ఊళ్లో ఉండి, పేకాటతో సహా అన్నీ నేర్చుకుని పోయాడు.

గుంటూరు_గోంగూర
భాషలు తగ్గించినా మళ్లీ పెరుగుతాయి. లాటిన్ ఒక్కటే కదా, ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్ అయి కూర్చుంది. మన తెలుగే చూడండి, నా పేరు వాణి గారి ఊళ్లో పుంటికూర.

వరంగల్_వాణి
పుంటికూరే! మాకు పల్లీలు, అనంతపురం వాళ్లకు చెనక్కాయలు, మీకు వేరుశనగలు.

గుంటూరు_గోంగూర
ఏ పేరు పెట్టినా పప్పులో వేస్తే నాకు చాలు.

అండమాన్_రిటర్న్
పోర్ట్‌బ్లెయిర్‌లో నాలుగేళ్లు ఉన్నాను. అక్కడ బో అనే భాష ఉండేది. దాన్ని మాట్లాడే ఆఖరి మనిషి బోవా సీనియర్ అనే పెద్దావిడ, 2010 జనవరిలో పోయింది. చివరి ఏళ్లలో చుట్టుపక్కల వాళ్లతో మాట్లాడాలంటే ఆవిడ అండమాన్ హిందీలోనే మాట్లాడాల్సి వచ్చేది. సొంత భాషలో పలికితే తిరిగి పలికేవాళ్లు లేరు. ఒక భాష తగ్గింది, లెక్కలో. దాంతో ఎవరి బతుకు తేలికైందో నేనైతే చెప్పలేను.

టెక్_తేజ
ఇంకో అయిదేళ్లలో ఈ చర్చే ఉండదు. చెవిలో పెట్టుకుంటే ఫోనే తర్జుమా చేస్తుంది. భాషలు ఎన్నున్నా పర్లేదు.

సిస్టర్_సుజాత
తేజా, నేను బెంగళూరులో క్యాజువాలిటీ నర్సుని. మాకు అనంతపురం, కడప, కర్నూలు నుంచి రోజూ పేషెంట్లు వస్తారు. మొన్న ఒక ముసలావిడ "కడుపులో దేవుతోందమ్మా" అంటే కొత్త డాక్టరు ఫోన్లో పెట్టి చూశాడు. కడుపులో దేవుడున్నాడని వచ్చింది. నవ్వుకున్నాం గానీ ఆవిడ అప్పటికే బకెట్ కోసం వెతుక్కుంటోంది. ఫోన్లు ఇంకా బాగుపడతాయి, సరే. ఈ రాత్రికి వచ్చే పేషెంటు అయిదేళ్లు ఆగలేడు.

శీను గారి పోస్టు నిన్నటినుంచి మనసులో తిరుగుతోంది. మన తెలుగులో నొప్పి ఒక్కటి కాదు. పుండు చీము పడితే సలుపుతుంది. పంటికి పోటు. జ్వరం వచ్చే ముందు ఒళ్లు తీపులు. పొలం పని చేసి వచ్చిన మోకాళ్లు పీకుతాయి. నరం గుంజుతుంది. పెద్దవాళ్లు ఈ మాటల్లో ఏది వాడారో వింటే సగం జబ్బు అక్కడే తెలుస్తుంది. వాటన్నిటినీ దర్ద్ అని ఒక్క మాటలో పెట్టేసరికి మీ నాన్నగారి గుండె గ్యాస్ అయిపోయింది. భాషలు ఎక్కువై కాదు శీను గారూ, మధ్యలో మాట మోసేవాళ్లు లేక. ఆ సోలాపూర్ ఆవిడకు రెండు భాషలు వచ్చు కాబట్టే కదా మీ నాన్న బయటపడింది.

రవి గారు చెప్పినట్టు గుప్పెడు మాటలు చాలు. నాకు తెలిసినవి రాస్తున్నా, మా వార్డులో మహారాష్ట్ర సిస్టర్ని అడిగి మరాఠీ కూడా. గుండెలో నొప్పి అంటే హిందీలో సీనే మే దర్ద్, మరాఠీలో ఛాతీత్ దుఖతంయ్, కన్నడంలో ఎదె నోవు (మన ఎదే). ఎడమ చెయ్యి హిందీలో బాయా హాథ్, మరాఠీలో డావా హాత్. చెమటలు పడుతున్నాయి అనడానికి మరాఠీలో ఘామ్ యేతోయ్. ఆయాసానికి దమ్ లాగతోయ్. కడుపులో దేవడానికి మళమళ, ఇది పలుకుతుంటేనే దేవుతున్నట్టుంటుంది. తిమ్మిరికి ముంగ్యా యేణే, అంటే చీమలు రావడం, మనం చీమలు పాకినట్టుంది అనమూ, అచ్చం అదే. మంటకు హిందీలో జలన్.

కాకినాడ_కాజా
సిస్టర్, ఈ పోస్టు కాపీ చేసుకున్నాను. మా అత్తగారు సూరత్‌లో ఉంటారు, గుజరాతీ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కలపండి.

మార్కాపురం_శీను
అందరి పోస్టులూ రెండేసి సార్లు చదివాను. ఉట్నూరు తమ్ముడూ, 8 కోట్లని నేను గొప్పగా అన్న మాటకు సారీ. దాహంతో ఇంటికెళ్లావన్న ముక్క దగ్గర ఆగిపోయాను. మా నాన్న ఆ బెంచీ మీద కూర్చున్నదీ అదే కదా.

పాపకు నాలుగు భాషల బరువు గురించి నా కంగారు మాత్రం అలాగే ఉంది, దాని మీద వేరే పోస్టు పెడతాను.

నిన్న చెకప్‌కి వెళ్లినప్పుడు సిస్టర్ రాసిన మాటలు అట్ట మీద రాసి తీసుకెళ్లా, ఒకవైపు తెలుగు, ఒకవైపు మరాఠీ. ఆ ఆయా గారిని వెతికి చూపించాను. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవరాదు, ఆవిడ చదువంతా మరాఠీలో. నేను తెలుగు చదువుతుంటే ఆవిడ మరాఠీ వైపు వేలు పెట్టుకుని ఒక్కొక్కటీ సరిచూసింది. దుఖతంయ్ అని నేను రాసిన అక్షరం తప్పుంటే దిద్దింది. పక్కన కూర్చున్న నాన్న అంతా విని "ఓపిక లేదు అన్న మాట లేదేందిరా, నేను రోజూ చెప్పేది అదే" అన్నాడు. ఆవిడ అశక్తపణా అని చెప్పింది, రాసుకున్నాను. అట్ట ఇప్పుడు ఆయన చొక్కా జేబులో ఆధార్ కార్డు వెనకుంది.

లారీ_రాంబాబు
ఇదే ఒడియాలో ఎవరన్నా రాసిపెట్టండయ్యా, బరంపురం వెళ్లినప్పుడల్లా పనికొస్తుంది. మా క్లీనర్ కుర్రాడికి ఫిట్స్ ఉన్నాయి.

బరంపురం_భాను
బరంపురంలో అయితే తెలుగులోనే చెప్పు రాంబాబన్నా, బజారు సగం మనవాళ్లే. దాటాక కావాల్సినవి నేను రాస్తా. ఫిట్స్ మాట ముందు పెడతాను, రేపు రాత్రికి చూడు.